క్లేటన్ అక్క దరఖాస్తు

చావు వార్తకి పత్రికల్లో ఒక మూస ఉంటుంది. పేరు, వయసు, ఊరు, ఎలా పోయారు, ఎవరెవరు మిగిలారు. అయిదు వాక్యాలు. డెస్కులో కూర్చున్న ఇన్నేళ్ళలో అలాంటివి ఎన్ని రాశానో, ఎన్ని కత్తిరించానో లెక్కలేదు. మొన్న ఉదయం ఆస్ట్రేలియాలోని క్రెయిగీబర్న్ నుంచి నా పాత రూమ్మేటు ఫోన్ చేసి "క్లేటన్ అక్క పోయిందిరా" అన్నప్పుడు, అలవాటు ప్రకారం నేను ఆ అయిదు ప్రశ్నలూ అడగాలి. ఒక్కటీ అడగలేదు. నిద్రలోనే పోయిందని వాడే చెప్పాడు. తర్వాత వాడు, "చర్చి హాల్ల ప్లేటు పట్టుకొని లైన్ల నిలబడ్డట్టే ఉన్నదిరా" అన్నాడు. వాడిది కరీంనగర్. మెల్బోర్న్‌లో ఇల్లు కట్టుకుని, పిల్లలు ఇంగ్లీషులో బదులు చెబుతున్నా వాడి మాట మాత్రం మారలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఆమెని పేరు పెట్టి పిలవలేదు. మెల్బోర్న్‌లో క్లేటన్ అనే పేటలో యూనివర్సిటీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళలో నలుగురూ అయిదుగురూ కలిసి ఉండే తెలుగు కుర్రకారు అందరికీ ఆమె అక్క. ఇంకో పేటలో ఉన్న అక్కలతో కలిసిపోకుండా క్లేటన్ అక్క.

పొట్టి మనిషి. నడకలో తొందర ఉండేది గానీ కంగారు ఉండేది కాదు. నుదుటి మీద అడ్డంగా ఒక సన్నని గీత. అది దెబ్బ కాదు, ముడత కాదు. ఆసుపత్రి వంటగదిలో రోజంతా పెట్టుకునే జుట్టు వలకున్న ఎలాస్టిక్ వదిలిన గుర్తు. ఆదివారం పట్టుచీర కట్టుకున్నా ఆ గీత పోయేది కాదు. ఎవరింటికి వెళ్ళినా వంటింట్లో కప్పుల చెవులన్నీ ఒకవైపుకి తిప్పేది. మాట్లాడుతూనే తిప్పేది, తిప్పుతున్నట్టు తనకే తెలియదు. మా ఇంట్లో నాలుగు కప్పులుంటే రెండిటికి చెవుల్లేవు. వాటిని చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యాలో తోచక, వెనక వరసలో పెట్టేది.

పాలకొల్లు దగ్గరి మనిషి. బి.కామ్ చదివింది. క్లేటన్‌లో ఒక ఆసుపత్రి వంటగదిలో ట్రే లైను సూపర్‌వైజరు. రోగులకి వెళ్ళే భోజనం ట్రేలు ఒక బెల్టు మీద కదులుతుంటే, ఒకరు సూపు, ఒకరు కూర, ఒకరు పండు పెడుతూ పోతారు. చివర నిలబడి, కార్డులో రాసిందీ ట్రేలో ఉన్నదీ ఒకటేనా అని చూసి పైకి పంపేది ఆమె. పన్నెండేళ్ళుగా అదే పని.

నేను ఆమెని మొదట చూసింది తెలుగు చర్చిలో. నిజానికి చర్చి వెనక హాల్లో. అక్కడ ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక అందరికీ భోజనం పెట్టేవాళ్ళు. దేవుడితో పనిలేని విద్యార్థులం కూడా ఆ వేళకి చేరుకునేవాళ్ళం. నేను విజయవాడలో ఒక దినపత్రికలో మూడేళ్ళు సబ్ ఎడిటర్‌గా చేసి, జర్నలిజంలో పీజీకని వెళ్ళినవాణ్ణి. డెడ్‌లైను పాటించడం వచ్చు. నాలుగో ఆదివారం ప్లేటు అందిస్తూ ఆమె అంది:

"వాక్యం అయ్యాక వస్తావు, అన్నం మొదలవకముందు వస్తావు. టైము బాగా పట్టావు తమ్ముడూ."

అంతే. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. రమ్మనీ అనలేదు, మానమనీ అనలేదు.

ఆ హాల్లో వడ్డన కూడా ఆమె ఆసుపత్రి లైనులాగే నడిపేది. పప్పు దగ్గర ఇద్దరు, కూర దగ్గర ఒకరు. ఎందుకంటే "పప్పు కారుద్దయ్యా, ఆగి పొయ్యాల, అక్కడే లైను ఆగిపోద్ది." తను మాత్రం వడ్డించేది కాదు. చివర్న, ప్లేట్లు పడేసే డబ్బా దగ్గర నిలబడేది. వచ్చిన ప్రతి ప్లేటూ చూసేది. ఎవరు ఏం వదిలేశారో ఆమెకి తెలిసేది.

"మూడు వారాల నించీ వంకాయ అంచుకి నెట్టేస్తున్నావు. పడదా?"

"పడదక్కా. దురద."

"నోరుందిగా, చెప్పొచ్చుగా." తర్వాతి ఆదివారం నుంచి కూర దగ్గర నిలబడే ఆయన నన్ను చూడగానే గరిటె పక్కకి తిప్పేవాడు.

తిరిగొచ్చిన ప్లేట్ల మీద ఆమెకి ఒక పెద్ద కథ ఉండేది. అది ఎన్నిసార్లు చెప్పిందో. వాళ్ళ ఆసుపత్రిలో కొన్ని వార్డుల నుంచి ట్రేలు ముట్టకుండానే తిరిగొచ్చేవట. రోగులు మర్నాటికి ఏం కావాలో ముందురోజు ఒక కార్డు మీద టిక్కు పెట్టాలి. ఇంగ్లీషు రాని ముసలివాళ్ళు కార్డు ఖాళీగా వదిలేసేవాళ్ళు, లేదా వరసగా మొదటి గళ్ళన్నిటికీ పెట్టేసేవాళ్ళు. వచ్చిందేదో వాళ్ళకి తెలియదు, తినరు. గిన్నెలు కడిగేచోట పనిచేసే ఒక వియత్నాం ఆవిడ, "మనలో భాష వచ్చినవాళ్ళే కార్డు పట్టుకుని పైకి వెళ్తే సరిపోతుందిగా" అందట. అక్క ఆ మాట పట్టుకుని మేనేజరు వెంటపడి ఒప్పించింది. షిఫ్టులు మార్చింది. ఆ వియత్నాం ఆవిడనీ, సలాడ్ల దగ్గరుండే గ్రీకు ఆవిడనీ, కూరగాయలు తరిగే ఇటలీ పెద్దాయన్నీ వార్డుల్లోకి పంపింది. తను వెనకే ట్రాలీ తోసుకుంటూ వెళ్ళింది. నెల తిరిగేసరికి ఆ ట్రేలు ఖాళీగా రావడం మొదలుపెట్టాయి. "మావాళ్ళు చేశారయ్యా" అనేది ప్రతిసారీ. 'నేను' అన్న మాట ఆ కథలో ఉండేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం, షిఫ్టు దిగి తెల్ల యూనిఫామ్‌లోనే మా ఇంటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు.

"నువ్వు పిల్లలకి కాలేజీ దరఖాస్తులు రాస్తావంటగా."

రాసేవాణ్ణి. ఎంబీఏకి, ఇంకోదానికి, సీటు కావాలంటే స్టేట్‌మెంటు అని ఒక వ్యాసం రాయాలి: మీరెవరు, ఏం సాధించారు, మా దగ్గరికే ఎందుకొస్తున్నారు అని. పత్రికలో పనిచేశాను కాబట్టి నాకు ఇంగ్లీషు వచ్చని ఆ వీధిలో ఒక నమ్మకం. ఒక స్టేట్‌మెంటు రాస్తే రాయించుకున్నవాడు వారం రోజులు నా వంతు గిన్నెలు తోమేవాడు. ఆ లెక్కన రెండు సెమిస్టర్లు నేను గిన్నె ముట్టలేదు.

ఆమెకి ఎంబీఏ సీటు కావాలి. సంగతి ఇది: వంటగది మేనేజరు మరుసటి ఏడాది రిటైరవుతున్నాడు. లోపలివాళ్ళు కూడా ఆ పోస్టు అడగవచ్చు, కాకపోతే మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరి ఉండాలి అని ఆసుపత్రి వాళ్ళు నోటీసు పెట్టారు. "ఇంతకుముందు రెండుసార్లు బయటోళ్ళు వచ్చారు. ఇద్దరికీ గరిటెలెక్కడున్నాయో నేనే చూపించా. ఈసారి నేనడుగుతా" అంది. గొంతు పెంచలేదు. కానీ అలా అడుగుతానని ఆమె నోటి నుంచి వినడం నాకదే మొదలు.

ఫైలు తెరిచాను. లైబ్రరీలో కూర్చుని కాపీలు సరైనవేనని ముద్రలు వేసే పెద్దాయన దగ్గర ప్రతి కాగితానికీ ముద్ర వేయించింది. డిగ్రీ, మార్కుల జాబితాలు, ఆహార భద్రత సర్టిఫికెట్లు, వాటితోపాటు చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాల కంఠస్థం పోటీలో వచ్చిన బహుమతి పత్రం. సిఫారసు ఉత్తరం పాస్టరుగారిది. అందులో ఒక వాక్యం: "ఈ సహోదరి ఎన్నడూ తన్ను తాను ముందుకు తెచ్చుకొనలేదు."

"అక్కా, ఫైలు మూసెయ్యడానికి వాళ్ళకి ఈ ఒక్క లైను చాలు."

"మంచిమాటేగా రాశారు అయ్యగారు?"

"మంచిమాటే. చర్చికి."

ఆమె సొంతంగా రాసుకున్న స్టేట్‌మెంటు నాలుగు పేజీలు, గుండ్రటి చేతిరాత. మొదటి వాక్యం: నేను మంచి విద్యార్థిని కాదు, అకౌంటెన్సీలో రెండుసార్లు తప్పాను. తర్వాత, ఈ దేశం వచ్చిన కొత్తలో మనుషులంటే భయపడి స్టోరు గదిలో దాక్కున్న సంగతి. ఆ తర్వాత ఎవరెవరు ఏమేం నేర్పారో వరసగా. చివర దేవునికి స్తోత్రం.

నాకు వెంటనే తెలిసింది. హాలు గుమ్మంలో భోజనం కోసం నిలబడి ఎన్నోసార్లు విన్నదే. చర్చిలో పాటలయ్యాక ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. ముందు తన తప్పులు ఒప్పుకోవాలి. తర్వాత తనని నిలబెట్టినవాళ్ళని చెప్పుకోవాలి. మహిమ ఒక్కటీ తనకి దక్కించుకోకూడదు. పుట్టి పెరిగినప్పటి నుంచీ, నలుగురి ముందు తన గురించి మాట్లాడాలంటే ఆమెకి తెలిసిన పద్ధతి అదొక్కటే. దాన్నే తెచ్చి ఎంబీఏ దరఖాస్తులో పెట్టింది. మీరు నాయకత్వం వహించిన ఒక సందర్భం రాయండి అన్న ప్రశ్న కింద ట్రేల కథ మొత్తం రాసి, "నేను ట్రాలీ తోశాను" అని ముగించింది.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ బాగుండదు నాకు.

రెండు రోజుల్లో కొత్తది రాశాను. బుధవారం వచ్చి నిలబడే చదివింది. వేలు వాక్యాల కింద నడుస్తోంది.

"ఇన్ని నేనులేంటయ్యా? నేను గుర్తించాను, నేను రూపొందించాను, నేను నడిపించాను…"

"ఎంబీఏ అంటేనే అదక్కా."

"గుర్తించింది నేను కాదుగా. గిన్నెలకాడుండే ఆవిడ."

"ఆవిడ ఒక మాట అంది. జరిపించిందెవరు?"

"అందరూ."

"అందరికీ సీటివ్వరు."

పొయ్యి దగ్గర నుంచి రూమ్మేటు అందుకున్నాడు. "అక్కా, మావోడు నా స్టేట్‌మెంట్ల ఏం రాసిండో ఎరుకేనా? చిన్నప్పటిసంది బిజినెస్ కలలు గన్నడట నేను. మా నాయిన కరెంటాఫీసుల లైన్‌మెన్. కలల కూడా కరెంటు పోవుడే గని బిజినెస్ యాడిది? మరి సీటొచ్చిందా లేదా?"

"నిన్ను పిలిచి అడగలేదా వాళ్ళు?"

"ఎవలడుగుతరక్కా గివన్ని."

ఆమె నవ్వింది. కాగితం ఇంకోసారి మొదటి నుంచి చదివింది. కప్పుల చెవులు తిప్పింది. తర్వాత పెన్ను అడిగింది. "సరేలే. నువ్వు పేపరోడివి, నీకు తెలుస్తది" అని సంతకం పెట్టింది.

రూమ్మేటు అన్నదానికి విరుద్ధంగా ఆమెని ఇంటర్వ్యూకి పిలిచారు. అనుభవం ఉన్నవాళ్ళని పిలుస్తారని నాకు తెలియదు. తోడు వెళ్ళాను. ఈస్టరుకి కట్టుకునే చీర మీద స్వెట్టరు వేసుకుంది. బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలన్నది ముప్పావుగంట పట్టింది. ఇంతసేపు మాట్లాడుతున్నారంటే సీటు వచ్చినట్టేననుకున్నాను.

బయటికొచ్చి నా పక్కన కూర్చుని చెప్పులు సరిచేసుకుంది.

"చెప్పేశానయ్యా."

"ఏం చెప్పేశావు?"

"ఒకావిడ బాగా మాట్లాడింది. నీ ఆలోచన విన్నప్పుడు నీకింద పనిచేసేవాళ్ళు ఏమన్నారు అని అడిగింది. అడగ్గానే ఆ వియత్నామావిడ మొహం కనపడింది నాకు. ఇక నోరు రాలేదు. మేడమ్, ఆ ఆలోచన నాది కాదు, ఆ కాగితం మా తమ్ముడు రాశాడు, జరిగింది వేరే, చెప్పమంటారా అన్నాను. చెప్పమంది. అంతా చెప్పా."

ఆమె తేలిగ్గా ఉంది. బస్సులో సగం దారి నిద్రపోయింది.

పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. విచారిస్తున్నాము అని. మరొకరైతే అది చించి పారేసేవాళ్ళు. ఈమె తిరిగొచ్చిన ప్లేటు సంగతి కనుక్కోకుండా ఉండగలదా. యూనివర్సిటీకి ఫోన్ చేసి ఆ ఇంటర్వ్యూ చేసినావిడనే పట్టుకుంది. "నువ్వు చెప్పింది మాకు నచ్చింది. కానీ నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఉన్న మనిషి వేరు. మేము ఎవరికి సీటివ్వాలి?" అందట ఆవిడ.

పోస్టుకి బయటి నుంచి ఒక యువకుడు వచ్చాడు. మూడోసారి కూడా గరిటెలు ఎక్కడున్నాయో అక్కే చూపించింది. "మంచోడే. అరటిపళ్ళు ఫ్రిజ్‌లో పెట్టిస్తాడు, అంతే" అని మా రూమ్మేటుతో అందట. నాతో కాదు.

నాతో మాట్లాడలేదని కాదు. వందనాలు చెప్పేది, అన్నం ఎప్పటిలాగే దొరికేది, వంకాయ ఎప్పటిలాగే పడేది కాదు. కానీ చివర డబ్బా దగ్గర నేను ప్లేటు తెచ్చినప్పుడు ఆమె ప్లేటు వైపు చూసేది కాదు. నా ముందువాడి ప్లేటు చూసేది, నా తర్వాతవాడిది చూసేది. ఒకసారి కావాలనే పప్పన్నం సగం వదిలేసి తీసుకెళ్ళాను. చూడలేదు. అలా ఆరు ఆదివారాలు. ఏ ఎడిటర్ తిట్టినా నాకు అంత తగల్లేదు.

ఏడో ఆదివారం ఆగలేక అన్నాను. "అక్కా, తప్పు నాది."

"సంతకం ఎవరిదయ్యా?" అంది. అని, నా ప్లేటులోకి చూసింది. "అప్పడం వదిలేశావేంటి, మెత్తబడిందా?"

అంతటితో మా మధ్య ఆ సంగతి తేలిపోయింది. ఆ తర్వాత నేను ఎవరికీ స్టేట్‌మెంట్లు రాయలేదని చెబితే అబద్ధం. రాశాను. కాకపోతే ముందు వాళ్ళని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను, ఇది నిజంగా జరిగిందా అని. గిరాకీ తగ్గింది. గిన్నెలు మళ్ళీ నా వంతుకి వచ్చాయి.

మరుసటి ఏడు దరఖాస్తులకి చివరి రోజు. సాయంత్రం అయిదు లోపల కౌంటరులో ఇవ్వాలి. నా చదువు అయిపోవచ్చింది, టికెట్టు కూడా కొనుక్కున్నాను. మధ్యాహ్నం మూడింటికి అక్క తలుపు కొట్టింది.

"యూనివర్సిటీదాకా రా. ఆ ఆఫీసు ఎటో మర్చిపోయా."

మర్చిపోలేదు, నాకు తెలుసు. పక్కనే నడిచాను.

"పోస్టు నిండిపోయిందిగా అక్కా, ఇంకెందుకు?"

"ఇంకో ఆసుపత్రిలో వంటగది ఉండదా ఏంటి ఈ ఊళ్ళో? ఉండకపోతే పోనీ. వాళ్ళు ఎవరికి సీటివ్వాలని అడిగారు. జవాబు చెప్పకుండా ఊరుకుంటే ఏం బాగుంటది."

చేతిలో పెద్ద కవరు. ఈసారి ఫైలు సన్నబడింది. పాస్టరుగారి ఉత్తరం లేదు, దాని బదులు ఆ వియత్నాం ఆవిడ ఉత్తరం ఉందని చెప్పింది. "మేనేజరుని అడగొచ్చుగా" అన్నాను. "మేనేజరు వచ్చి ఏడాది కూడా కాలేదు. నేనేంటో ఆవిడకి తెలుసు. పదేళ్ళు పక్కన నిలబడి గిన్నెలు కడిగింది."

"స్టేట్‌మెంటు చూపించు. ఒక్కసారి. స్పెల్లింగులు చూస్తా, అంతే."

కవరు రెండో చేతిలోకి మార్చుకుంది.

"చూపించను. నువ్వు చూస్తే బాగుచేస్తావు."

కోపంగా అనలేదు. నా కుడిచేయి అలవాటుగా చొక్కా జేబులో పెన్ను మీదకి వెళ్ళి ఉంది. అది ఆమె చూసింది, నేనూ చూసుకున్నాను. కౌంటరులో పిల్ల కవరు తీసుకుని ముద్ర వేసింది. రసీదు మడిచి పర్సులో పెట్టుకునేదాకా అక్క ఆ ముద్ర వైపే చూస్తూ నిలబడింది.

అయిదు వారాల తర్వాత, నేను పెట్టె సర్దుకుంటుంటే ఇంటి ఫోన్ మోగింది. అవతల గిన్నెల చప్పుడు, బెల్టు తిరిగే రొద.

"వచ్చిందయ్యా."

"సీటా?"

"మరింకేంటి. మళ్ళీ ఆవిడే పిలిచింది. ఈసారి పది నిమిషాలే కూర్చోబెట్టింది."

అయిదు వారాలుగా అడగాలనుకున్నది అడిగాను. "ఏం రాశావక్కా?"

"ఏముంది. పోయినేడు నాది కాని కాగితం మీద నేను సంతకం పెట్టానని మొదలెట్టాను. పోస్టు మీద ఆశపడి పెట్టానని రాశా. తర్వాత జరిగింది జరిగినట్టు రాశా."

అదే సాక్ష్యం. ముందు తప్పు, తర్వాత మిగతావన్నీ. నేను చూసి నవ్విన పద్ధతిలోనే రాసింది, దానికే సీటిచ్చారు.

"నా గురించి కూడా రాశావా?"

"రాయకుండా ఎలా కుదురుద్ది? పేరు పెట్టలేదులే. మా తమ్ముడొకడు రాసిచ్చాడు, వాడు నా మేలుకోరే రాశాడు, వాడి మీద నాకే కోపమూ లేదు అని రాశా."

"అది వాళ్ళకెందుకక్కా?"

అవతల ఎవరో పిలిచారు. ఆమె ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి వాళ్ళకి ఏదో చెప్పి, మళ్ళీ నాతో అంది:

"వాళ్ళకెందుకో నాకు తెలీదయ్యా. అది రాయకుండా సంతకం పెట్టబుద్ధి కాలేదు."